కుండలో పాము

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. పాము పాలు తాగదని స్కూల్లో సైన్సు మాస్టారు ఎప్పుడో చెప్పేశారు. మరి పాములవాడు బుట్ట మూత తీసి గిన్నెలో పాలు పెడితే నాగుపాము మూతి ముంచి తాగడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఇంతకీ ఎవరి మాట తప్పు?

ఎవరిదీ కాదు. పాముకు పాలు అరగవు, అడవిలో దానికి పాలతో పనే లేదు. కానీ పండక్కి కొన్ని వారాల ముందే పట్టి, కోరలు పీకి, నీళ్లు పెట్టకుండా బుట్టలో మూసేస్తే, గొంతెండిపోయిన పాము ముందు ఏది పోసినా తాగుతుంది. మనం భక్తి అనుకుని దండం పెట్టేది దాని దాహానికి. అలాంటి పాముల్లో చాలా వాటికి పండగ తర్వాత ఎక్కువ రోజులు ఉండవు.

అడవిలో పట్టిన సరీసృపం మనిషి కట్టిన నాలుగు గోడల మధ్య బతకాలంటే ఏం కావాలి? ఈ వ్యాసం దాని గురించే. "మేమేమన్నా పాముల్ని పెంచుతామా, మాకెందుకు?" అనకండి. పాము కరిచిన మనిషికి ఆసుపత్రిలో ఎక్కించే యాంటీవెనమ్ మొదలయ్యేదే అడవిలో పట్టిన పాము దగ్గర. ఆ పాము విషం తీసేదాకా ఆరోగ్యంగా ఉండాలి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. అందులో 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే. ఆ ఎనిమిదిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లే మన ఇళ్లలోని వాళ్ల లెక్క ఇది.

హీటర్ లేని ఇంజను

మనం అన్నం తినేది ప్రధానంగా ఒంట్లో పొయ్యి వెలిగించుకోవడానికే. బయట చలిగా ఉన్నా, ఎండగా ఉన్నా లోపల 37 డిగ్రీలు నిలబెట్టడానికి బోలెడంత శక్తి ఖర్చవుతుంది. పాముకు ఆ పొయ్యి లేదు. వేడి కావాలంటే ఎండలోకి పోతుంది, ఎక్కువైతే పుట్టలోకి దూరుతుంది. అందుకే అదే బరువున్న ఎలుకకు కావలసిన తిండిలో పాముకు పదో వంతు కూడా అక్కర్లేదు.

చిన్నప్పటి పుస్తకాల్లో దీన్ని "శీతల రక్త జంతువు" అని రాశారు. ఆ పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఎండ కాచుకున్న పాము రక్తం వెచ్చగానే ఉంటుంది. మన ఉష్ణమండలపు పాములు చాలావరకు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఒళ్లు ఉండేలా చూసుకుంటాయి. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, సెన్సరూ కంట్రోలరూ పాము తలలోనే ఉన్నాయి, హీటరూ కూలరూ మాత్రం ఒంటి బయట, అడవిలో ఉన్నాయి. పామును పట్టి డబ్బాలో పెట్టామంటే కంట్రోలర్‌ను తెచ్చుకుని హీటర్‌ను అడవిలోనే వదిలేశామన్నమాట.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "30 డిగ్రీలు కావాలా? సరే, డబ్బా అంతా 30 పెట్టేద్దాం" అంటారు. పాముకు కావలసింది ఒక అంకె కాదు, ఎంచుకునే వీలు. తిన్నాక అరగడానికి కాస్త ఎక్కువ వేడి కావాలి. ఆకలితో ఖాళీగా ఉన్నప్పుడు చల్లటి చోటు చాలు. గూడులో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంటే ఎక్కడ ఎంతసేపు ఉండాలో అదే చూసుకుంటుంది. వేడి సరిపోకపోతే మింగిన ఎలుక కడుపులో అరగకుండా కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది. వేడి రాయి మీద పొట్ట ఆనించి పడుకునే ఏర్పాటు చేస్తే, కాలిపోతున్నా కదలకుండా అక్కడే ఉండి బొబ్బలెక్కించుకున్న పాములున్నాయి.

నిశ్శబ్దాన్ని నమ్మొద్దు

కుక్కకు బాధయితే మూలుగుతుంది. పాము మూలగదు, ముఖం చిట్లించదు. మూలన చుట్ట చుట్టుకుని కదలకుండా ఉంటే "అబ్బ, ఎంత బుద్ధిగా అలవాటు పడిందో" అనుకుంటాం. అది భయంతో బిగుసుకుపోయి ఉండొచ్చు, ఒంట్లో సత్తువ లేక పడి ఉండొచ్చు. హాయిగా పడుకుందేమో కూడా. పైకి మూడూ ఒకలాగే కనిపిస్తాయి.

భయపడిన సరీసృపం ఒంట్లో కార్టికోస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అడవిలో ముంగిస ఎదురైనప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. ముంగిస పోతే హార్మోనూ దిగుతుంది. గాజు డబ్బాలో మాత్రం ముంగిస ఎప్పటికీ పోదు. అటూ ఇటూ తిరిగే మనుషులే ముంగిసలు. వారాల తరబడి ఆ హార్మోను దిగకపోతే ఆకలి చస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది.

సరిగ్గా అప్పుడే కడుపులో పురుగులు లేస్తాయి. అడవి పాముల్లో నులిపురుగులు, పేలు, ఊపిరితిత్తుల్లో పరాన్నజీవులు ఉండటం మామూలే. అక్కడ పాము ఒకచోట విసర్జించి ఇంకోచోటికి పోతుంది కాబట్టి పురుగు గుడ్లు మళ్లీ దాని ఒంట్లోకి చేరే అవకాశం తక్కువ. మూసిన గూట్లో అదే మలం పక్కన, అదే నీళ్లగిన్నె పక్కన రోజంతా ఉండాలి. అడవిలో పదిగా ఉన్నవి ఇక్కడ వేలవుతాయి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. శక్తి ఖర్చు తక్కువ కాబట్టి, తప్పుగా పెంచిన పాము వెంటనే చావదు. తిండి లేకుండా నెలలు లాగుతుంది. ఈరోజు చేసిన తప్పు ఫలితం మూడు నెలలకు కనపడుతుంది. టైమ్ డిలే ఇంత ఎక్కువున్న సిస్టమ్‌ను అవుట్‌పుట్ చూసి నడపలేం. "ఇన్నాళ్లు బతికింది కదా, బాగానే ఉన్నట్టే" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. నమ్మదగ్గవి రెండే: వారం వారం తూచి రాసిపెట్టిన బరువు, తనంతట తాను తిన్న తిండి.

మొదటి మూడు నెలలు

జూల్లో, పరిశోధన కేంద్రాల్లో కొత్తగా వచ్చిన పాముకు చేసేవి ఒక వరసలో ఉంటాయి. వరస మారితే మంచి పని కూడా చెడు చేస్తుంది.

మొదటిది, దాక్కునే చోటు. పెద్ద గది ఇస్తే పాము సంతోషిస్తుందని మనకనిపిస్తుంది. పాముకు కావలసింది ఒళ్లు నాలుగువైపులా ఆనుకునేంత ఇరుకైన బొరియ. వెచ్చటి మూల ఒకటి, చల్లటి మూల ఒకటి పెట్టాలి. ఒకటే పెడితే వేడి కావాలా, దాపు కావాలా అని అది తేల్చుకోవలసి వస్తుంది. పాము ఎక్కువగా దాపునే ఎంచుకుని చలికి బిగుసుకుంటుంది. గూడు అద్దానికి కాగితం అంటిస్తారు. గాజు అంటే ఏమిటో అడవి పాముకు తెలీదు. అవతల వెలుతురు కనపడుతుంటే మూతితో తోస్తూనే ఉంటుంది. ముక్కు దగ్గర పొలుసులు రాసుకుపోయి, పుండై, నోరంతా కుళ్లిపోవడం అలాగే మొదలవుతుంది.

రెండోది, నీళ్లు. చేతులు మారి వచ్చిన పాము ఎండిపోయి ఉంటుంది. చర్మం మడతలు పడి, కళ్లు లోపలికి పోయి ఉంటాయి. ముందు నీళ్లు, తర్వాతే తిండి. ఎండిపోయిన ఒంట్లో మాంసం పడితే, దాన్నుంచి వచ్చే యూరిక్ ఆమ్లాన్ని బయటికి పంపలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. గాలిలో తేమ చాలకపోతే కుబుసం ఒక్క తొడుగులా ఊడి రాదు, ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. అది కూడా కుబుసంతో పాటే రావాలి. రాకుండా పొరలు పేరుకుంటే చూపు మసకబారుతుంది.

మూడోది, ఒంటరితనం. కొత్తగా వచ్చిన పామును కనీసం మూడు నెలలు మిగతా వాటికి దూరంగా ఉంచుతారు. పాత పాముల పని ముందు ముగించి, చివర్లో కొత్తదాని దగ్గరికి వెళ్తారు. తాబేళ్లనూ పాముల్నీ ఎప్పుడూ కలిపి ఉంచరు. తాబేలు కడుపులో ఏ బాధా పెట్టకుండా ఉండే ఒక రకం అమీబా పాము పేగుల్ని పుండు చేసి చంపేస్తుంది. మందుల విషయం కూడా అంతే. పాములకు, కొన్ని బల్లులకు పురుగుల కోసం వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. సరీసృపాలన్నీ ఒకటే అనుకుంటే ఇలాగే అవుతుంది.

తిండి నాలుగోది. మొదటి వారం అసలు పెట్టరు, ముట్టుకోరు. తర్వాత మామూలుగా తినేదానికంటే చిన్న ఎలుకను, చంపినదాన్ని, సాయంత్రం గూట్లో పెట్టి వెళ్లిపోతారు. బతికున్న ఎలుకను వదలరు. తినే ఉద్దేశం లేని పామును ఎలుకే కొరికి పుండ్లు చేస్తుంది. కొన్ని అడవి పాములు ఎలుకను అసలు తిండిగానే గుర్తించవు. కప్పల మీద బతికిన పాముకు ఎలుక వాసన తెలీదు. కట్లపాము ఇష్టంగా తినేది ఇంకో పామును. పాము నాలుక ఆడించేది వాసన పట్టడానికే. గాలిలోంచి నాలుక తెచ్చిన వాసనను నోటి పైభాగంలో ఉన్న జేకబ్సన్ అవయవం చదువుతుంది. కాబట్టి ఎలుకకు కప్ప వాసన పట్టించి పెడతారు. నాలుగైదుసార్లు అలా తిన్నాక వాసన కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. రాచనాగు లాంటి పాములు తినే పామును కూడా ఈ ఉపాయంతోనే కొన్నిచోట్ల ఎలుకకు మళ్లించారు.

ఈ వరసంతా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. దీన్నంతా మనం "పామును అలవాటు చేయడం" అంటాం. నిజానికి పాములో మారింది చాలా తక్కువ. మారింది గది, దాని వేడి, తేమ, చీకటి. మారింది మనుషుల నడక. పాము మనకు మచ్చిక కాదు, మనమే దానికి లొంగాలి.

ఇరుళర్ల కుండలు

ఇంత హంగామా లేకుండా ఇదే సమస్యకు వేరే పరిష్కారం కనుక్కున్నవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. తమిళనాడులోని ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టడంలో ఆరితేరినవాళ్లు. ఒకప్పుడు తోళ్ల వ్యాపారానికి పాముల్ని పట్టి అమ్మేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, ఆ దశాబ్దం మధ్యకల్లా తోళ్ల ఎగుమతి ఆగిపోయి వాళ్ల పొయ్యిలో పిల్లి పడుకుంది. 1978లో రోములస్ విటేకర్ చొరవతో ఇరుళ పాములు పట్టేవాళ్ల సహకార సంఘం ఏర్పడింది. పామును చంపి తోలు అమ్మడానికి బదులు, పామును బతికించి విషం అమ్మడం అన్నమాట. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో, మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్ ఆవరణలో ఆ కేంద్రం ఉంది.

అక్కడ గాజు పెట్టెల వరసలు ఉండవు. నేల మీద మట్టికుండలు ఉంటాయి. కుండలో కొంత ఇసుక, లోపల పాము, మూతికి గుడ్డ కట్టి ఉంటుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ పైన చెప్పిన జాబితాతో పోల్చి చూడండి. లోపల చీకటి, ఇరుకు, అంటే బొరియే. మట్టి సన్నటి రంధ్రాలతో ఊపిరి పీలుస్తుంది, చెమ్మ ఆవిరై గోడ చల్లబడుతుంది. ఎండాకాలం మన ఇంట్లో కుండ నీళ్లు చల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. మనుషులు కనపడరు, మూతి రాసుకోవడానికి గాజు లేదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగు రకాల్నే అటవీశాఖ అనుమతిచ్చిన సంఖ్యలో పడతారు. మూడు నాలుగు వారాలు ఉంచి, మధ్యలో వ్యవధి ఇస్తూ కొన్నిసార్లు విషం తీస్తారు. పొట్ట మీది పొలుసు అంచు కత్తిరించి గుర్తు పెట్టి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తు ఉన్న పాము వెంటనే మళ్లీ దొరికితే పట్టరు. పొలుసు కొన్ని కుబుసాల తర్వాత పెరిగిపోతుంది.

ఈ పద్ధతి బలం కుండలో కంటే గడువులో ఎక్కువ ఉంది. కుండలో వెచ్చటి మూల, చల్లటి మూల ఉండవు. తిరగడానికి చోటు లేదు. ఏళ్ల తరబడి ఉంచితే కుండ జైలే. కానీ వారాల తరబడి ఆకలికి తట్టుకునే జంతువుకు ఇది ఒక మజిలీ. అడవి పామును బందీగా ఏళ్లపాటు బతికించడం కష్టమని తెలిసినవాళ్లు, అసలు అంతకాలం ఉంచకపోవడమే మార్గంగా పెట్టుకున్నారు.

రెండో మార్గం, బందీగా పుట్టిన పామునే పెంచడం. గుడ్డులోంచి వచ్చినప్పటినుంచి చచ్చిన ఎలుక పిల్లనే తిన్న పాముకు అదే లోకం. పురుగులు తక్కువ, భయం తక్కువ. ప్రపంచంలో పాములతో పనిచేసే పెద్ద సంస్థలు ఎక్కువగా అటే వెళ్తున్నాయి. అయితే అక్కడా మొదటి జంట అడవిలోంచే రావాలి. ఆ జంటను ఎలా నిలబెట్టుకోవాలన్నది మళ్లీ మొదటి ప్రశ్నే.

మన పాము, మన మందు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దేశంలో తయారయ్యే యాంటీవెనమ్‌కు కావలసిన విషం చాలావరకు ఆ ఒక్క సహకార సంఘం నుంచే వచ్చింది. కంపెనీలు ఆ విషాన్ని గుర్రాలకు కొద్ది కొద్దిగా మోతాదు పెంచుతూ ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాల్ని వేరుచేసి మందు చేస్తాయి.

చిక్కేమిటంటే, ఒకే జాతి పాము విషం అన్ని ప్రాంతాల్లో ఒకేలా ఉండదు. తినే తిండి, వాతావరణం, పరిణామ చరిత్రను బట్టి విషంలో ప్రొటీన్ల పాళ్లు మారతాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు వేర్వేరు రాష్ట్రాల నాగుపాముల, రక్తపింజరల విషాల్ని పోల్చి చూశారు. ఇప్పుడున్న మందు కొన్ని ప్రాంతాల విషాల మీద బలహీనంగా పనిచేస్తోందని తేల్చారు. దీనికి అందరూ చెప్పే పరిష్కారం ఒకటే, ఎక్కడికక్కడ పాముల విషం సేకరించడం. అంటే అనంతపురం ఎండకు అలవాటైన రక్తపింజరను, గోదావరి తడినేలల నాగుపామును పట్టి, ఆరోగ్యంగా ఉంచి, విషం తీసే కేంద్రాలు కావాలి. ఒంట్లో బాగాలేని పాము నుంచి నమ్మదగ్గ విషం రాదు. కాబట్టి గూడు వేడి ఎంత, కుండ మట్టి ఎలాంటిది అన్నవి చిన్న ప్రశ్నలు కావు. సెన్సర్లు, డేటా లాగింగ్, తేమ నియంత్రణ అంటూ ప్రాజెక్టుల కోసం టాపిక్ వెతుక్కునే మనలాంటి వాళ్లు చేయగలిగిన పని ఇందులో చాలా ఉంది.

హాస్టల్ బకెట్ సంగతి

ఇక మన క్యాంపస్. వానాకాలం వస్తే "రేయ్, పామురా" అనే కేక ఏదో ఒక బ్లాకులో వినపడుతుంది. చంపకుండా ఎవరో ధైర్యంగా బకెట్ బోర్లించడం మంచిదే. కానీ దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండు రోజులు అందరికీ చూపించి, వీడియోలు తీసి, "మన రూమ్ పెట్" అని పేరు పెట్టడం దానికి మేలు కాదు. పైన రాసినవన్నీ ఆ డబ్బాలో మొదటి గంట నుంచే మొదలవుతాయి. పైగా మన దేశపు పాములు, ఉడుములు, నక్షత్ర తాబేళ్లను అనుమతి లేకుండా పట్టడం, పెంచడం నేరం. "ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుంది", "రెండు తలల పాముంటే డబ్బొస్తుంది" అనే మాటల వెనక ఒక దొంగ వ్యాపారమే నడుస్తోంది. నక్షత్ర తాబేళ్లకు మన రాయలసీమ మెట్టభూములు సొంత ఇల్లు. సంచుల్లో కుక్కి విమానాలెక్కించే బేరం ఎంత ముదిరిందంటే 2019లో వాటి అంతర్జాతీయ వాణిజ్యాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలో చేర్చారు.

మరి పాము కనపడితే ఏం చేయాలి? దూరంగా నిలబడి అది ఎటు పోతుందో ఒకరు చూస్తూ ఉండాలి. అటవీశాఖకో, శిక్షణ పొందిన పాముల రక్షకులకో ఫోన్ చేయాలి. మీరు పట్టొద్దు. కట్లపాము పిల్లను చూసి "ఏదో మామూలు పాము" అనుకున్నవాళ్లు ఉన్నారు. పట్టినవాళ్లు గుడ్డ సంచిలో వేసి, నీడలో ఉంచి, వీలైనంత త్వరగా, వీలైనంత దగ్గర్లో వదులుతారు. ఎక్కడో దూరపు అడవిలో వదిలితే మంచిదనుకుంటాం. అమెరికాలో రాటిల్‌స్నేక్‌ల మీద చేసిన అధ్యయనంలో, దూరం తీసుకెళ్లి వదిలినవి అక్కడి పాముల కంటే బాగా ఎక్కువగా చనిపోయాయి. ఏ బొరియ ఎక్కడుందో, చలికి ఎక్కడ దూరాలో తెలియని కొత్త అడవి కూడా పాముకు ఒక రకంగా గాజు పెట్టే.

మన బ్యాచ్ ఐవీకి చెన్నై వెళ్తే, మహాబలిపురం దారిలోనే క్రొకొడైల్ బ్యాంక్ వస్తుంది. మొసళ్ల దగ్గర ఫొటోలయ్యాక విషం తీసే కేంద్రానికి కూడా వెళ్లండి. వరసగా కుండలు కనపడతాయి, మూతికి కట్టిన గుడ్డలు కనపడతాయి. తీసేదాకా పాము మాత్రం కనపడదు. అప్పుడు ఎవరైనా "ఏంట్రా, పాములేవీ?" అని కుండ మీద తట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ పాముకు కావలసింది ఆ చీకటే.